ఊడిరాని గడ్డం

గడ్డం లేని వైద్యుణ్ని మనుషులు నమ్మని కాలం ఒకటుండేది. ఇప్పటి పిల్లలకు చెబితే నవ్వుతారు. ఇప్పటి డాక్టర్లు గోడ నిండా పట్టాలు తగిలించుకుని కూర్చుంటారు కాబట్టి ముఖం ఎలా ఉన్నా చెల్లిపోతుంది. మా రోజుల్లో, టేకులపల్లి దాటి అడవిలోకి పోయే దారిలో ఉన్న మా చిన్న మిషన్ దవాఖానాలో, ముఖమే పట్టా. వైద్యం చదువు ముగించి, ఒక ట్రంకుపెట్టె, ఒక పరుపుచుట్టతో నేను ఖమ్మం నుంచి వచ్చి ఆ ఊళ్లో దిగినప్పుడు నా ముఖం కడిగిన పళ్లెంలా నున్నగా ఉండేది. బస్సు దిగి నడిచి వస్తుంటే దారిలో ఎలుగుబంటి ఎదురైందనీ, స్టెతస్కోపు గిరగిరా తిప్పి దాన్ని తరిమేశాననీ మా మనవలకు చెప్పుకుంటూ ఉంటాను. (ఎలుగుబంటి కాదు, నల్ల బర్రె. తరమనూ లేదు. అది తీరిగ్గా పోయేదాకా నేనే పొదల్లో నిలబడ్డాను.)

దవాఖానాకు అప్పటికే ఒక డాక్టరున్నాడు. ఊరంతా పెద్ద డాక్టరనేవారు. గుండెల మీదకు దిగిన తెల్లటి గడ్డం ఆయనది. దాన్ని దువ్వుకుంటూ ఆయన "ఊఁ" అన్నాడంటే సగం జ్వరం దిగేది, మిగతా సగం మందుకు దిగేది. నేను "ఊఁ" అంటే రోగికి అనుమానం పట్టుకునేది. వచ్చినవాళ్లు గుమ్మంలోంచి తొంగి చూసి, నన్ను చూసి, మా నర్సు సిస్టరమ్మను అడిగేవారు.

"పెద్ద సారు లేడా?"

"చిన్న సారు ఉన్నడు గదా, పో లోపలికి."

"గా పొల్లగాడా? మూతి మీద మీసమన్న రాలే. పెద్ద సారు వచ్చినంక చూపిచ్చుకుంటం తియ్యి."

అలా అని ఇళ్లకు పోయేవారా అంటే అదీ లేదు. ఒళ్లు కాలిపోతున్నా నా కళ్లెదుటే వరండాలో కూర్చుని ఆయన కోసం ఎదురు చూసేవారు. గడ్డం పెంచుదామని కొన్నాళ్లు కత్తి పక్కన పెట్టి చూశాను. అక్కడొకటి ఇక్కడొకటి మొలిచాయి. సిస్టరమ్మ వెలుతురులోకి నడిపించి మరీ చూసి, "సార్, జర పసుపన్న రాయుండ్రి, తామర లెక్క కొడుతుంది" అంది. మళ్లీ కత్తి పట్టుకున్నాను.

ఆ డిసెంబరులో పెద్ద డాక్టరు పండక్కి పెనుబల్లిలో వాళ్ల చెల్లెలింటికి బయల్దేరాడు. వెళ్లేముందు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, "ఏవయ్యా, నా కళ్లు మసకబారిపోతున్నాయి. నువ్వుంటే ఈ తలుపు తెరిచి ఉంటుంది. నువ్వూ పోతే ఇంకెవరూ రారు, మూసెయ్యాల్సిందే. బలవంతమేం లేదు. పండక్కెళ్లి వస్తాను, అప్పటికి నీ మనసేంటో చెప్పు" అన్నాడు. ఆయన బస్సు మలుపు తిరగకముందే నేను ట్రంకుపెట్టె సర్దుకుని తాళం వేశాను. (తాళమెక్కడిది, తాడు కట్టాను.) ఎవరికీ అక్కర్లేని డాక్టరు తలుపు తెరుచుకుని ఏం చేస్తాడు?

అయితే పోతూ పోతూ ఆయన నాకో పని అంటగట్టాడు. ఏటా పండగ ముందురోజు మధ్యాహ్నం ఆదివారం బడి పిల్లలకు క్రిస్మస్ తాత ఆయనే. సొంత గడ్డం కాబట్టి ఎర్ర అంగీ ఒక్కటి తొడుక్కుంటే చాలు. ఈసారి ఆ అంగీ నాకొచ్చింది. మా చర్చి పాస్టరయ్య మొహమాటంగా, "అన్నీ బాగానే ఉన్నయ్ సార్, గడ్డమొక్కటే..." అని నసిగాడు. లోకంలో ఇంకెవరైనా దూది తెచ్చి దారంతో చెవులకు కట్టుకుంటారు. నేను వైద్యుణ్ని కదా, నాకు శాస్త్రీయమైన గడ్డం కావాలి. మా దగ్గర టింక్చర్ బెంజాయిన్ అని గోధుమరంగు మందొకటి ఉండేది. కట్టు మీద వేసే ప్లాస్టరు ఊడకుండా ఉండాలంటే ముందు చర్మానికి అది పూస్తాం. ఆరితే బంకలా పట్టేస్తుంది. బుగ్గలకూ చుబుకానికీ ధారాళంగా పూసుకుని దూదిచుట్ట విప్పి అతికించుకున్నాను. అద్దంలో చూసుకుంటే నాకే దండం పెట్టుకోవాలనిపించింది.

పిల్లల ముందు ఎగిరాను, చాక్లెట్లు పంచాను. నా గడ్డం పట్టుకుని ముగ్గురు పిల్లలు ఉయ్యాల ఊగినా పోగు కూడా రాలలేదు. (ఒక్క పిల్లే. ఊగలేదు, లాగింది.) అంత గట్టిగా అతికిందని గర్వపడ్డాను కూడా. ఆ గర్వం సాయంత్రం మొహం కడుక్కునేదాకా ఉంది.

సబ్బుతో రుద్దితే నురగ వచ్చింది గానీ గడ్డం రాలేదు. వేణ్ణీళ్లకు రాలేదు. కొబ్బరినూనె రాస్తే నూనె గడ్డమైంది. సిస్టరమ్మ కత్తెర తీసుకుని ఒక పక్క కొంచెం కత్తిరించి, వెనక్కి జరిగి చూసి, "వద్దు సార్, సగం గొరిగిన గొర్రె లెక్కయితరు" అని కత్తెర దాచేసింది. దానికి అసలు విరుగుడు స్పిరిటు. స్పిరిటు సీసా అల్మారాలో ఉంది. అల్మారాకు తాళం ఉంది. మా వాచ్‌మన్ స్పిరిటు మామ ఒకసారి ఆ సీసా రుచి చూసిన దగ్గర్నుంచీ (ఆ పేరు అలా వచ్చిందే) తాళంచెవి పెద్ద డాక్టరు జేబులో ఉంటుంది. జేబు పెనుబల్లిలో ఉంది.

"కిరసనాయిలు రాద్దామా సార్?" అంది సిస్టరమ్మ.

"పొయ్యి పక్కన నిలబడి అడగాల్సిన మాటేనా అమ్మా అది?"

"అట్లయితే పండుగకు గిట్లనే రాండ్రి. యేసయ్య గడ్డం చూసి ఎవల్నీ ఎల్లగొట్టడు."

క్రిస్మస్ ఉదయం ఆ అవతారంతోనే చర్చికి పోయి వెనకాల చాప చివర కూర్చున్నాను. పాట సగంలో ఉండగా బయట గోల వినబడింది. పక్క గూడెం నుంచి ఒక కుటుంబం. దవాఖానా తలుపు వేసి ఉంటే జనం ఉన్నచోటు వెతుక్కుంటూ వచ్చారు. తల్లి చంకలో నాలుగేళ్ల పిల్ల, నోరు తెరుచుకుని ఎగశ్వాసతో ఏడుస్తోంది. ముందురోజు ఆడుకుంటూ ముక్కులో బఠాణీ దోపుకుందట. అది లోపల నాని ఉబ్బింది. తల్లి తలపిన్నుతో తియ్యబోతే ఇంకా లోపలికి పోయింది. వెంట పిల్ల నాయనమ్మ. సర్కారు అవ్వ అంటారు ఆవిణ్ని. ఆవిడ మాటంటే మాటే, దానిమీద అప్పీలు లేదు.

"పెద్ద సారు ఏడి?" అంది.

"పెనుబల్లి పోయిండవ్వా" అన్నాడు పాస్టరయ్య. "చిన్న డాక్టరు ఉన్నడు గదా..."

"గా పొల్లగాడా? వద్దు. బండి కట్టుండ్రి, కొత్తగూడెం పోదాం. జల్దీ!"

ఆ దారి నాకు తెలుసు. గుంతల్లో బండి ఎగిరెగిరి పడుతుంటే, ఏడుస్తున్న పిల్ల ముక్కులోంచి గింజ గొంతులోకి జారి ఊపిరికి అడ్డం పడిందంటే నడి అడవిలో చేయగలిగేది ఏమీ లేదు. అందర్నీ దాటుకుని పరుగెత్తాను. గడ్డం సంగతి గుర్తే లేదు. సర్కారు అవ్వ నన్ను కిందినుంచి పైకి చూసింది.

"ఈయనెవలు? కొత్త డాక్టరా?"

పాస్టరయ్య నోరు తెరిచాడు. సిస్టరమ్మ వెనకనుంచి ఆయన మోచెయ్యి గిల్లింది. "డాక్టరే అవ్వా" అన్నాడు పాస్టరయ్య. దేవుని గుమ్మంలో నిలబడి ఆయన చెప్పింది అబద్ధం కాదు మరి.

"గడ్డం నెరిసినోడు. ఏదో తెలిసినోడే అయ్యుంటడు. చూడనీయ్" అంది అవ్వ.

తర్వాత జరిగింది ఈ చుట్టుపక్కల చాలామందికి చెప్పాను. నేను నిదానంగా చేతులు కడుక్కుని, పిల్ల రెండో ముక్కుపుటం వేలితో మూసి, తల్లిచేత బిడ్డ నోట్లో ఒక్క ఊపున గాలి ఊదించాను. చాలా సున్నితమైన పద్ధతి. బఠాణీ తూటాలా దూసుకొచ్చి చర్చి గంటకు తగిలి ఠంగుమంది. జనం చప్పట్లు కొట్టారు.

ఇంత వయసొచ్చాక నిజం చెబితే పోయేదేముంది? పద్ధతి నిజమే, నాకు తెలిసిందీ నిజమే. రెండో ముక్కుపుటం వేలితో మూసిందీ నిజమే. ఆపైన, ఎలా ఊదాలో తల్లికి చెబుదామని వంగాను. వంగేసరికి నా దూదిగడ్డం కొస పిల్ల ముక్కుకు తగిలింది. పిల్ల ఏడుపు ఆపి గడ్డాన్ని వింతగా చూసింది. దూది, కొబ్బరినూనె, టింక్చరు, మూడింటి వాసనా ఒక్కసారిగా పీల్చింది. కళ్లు మూసింది, ముఖం ముడిచింది. హాచ్! అంతే. నేను చేసింది ఏమీ లేదు. గంట మోగనూ లేదు.

"ఏడ పడ్డది? గింజ ఏడ పడ్డది?" అంటూ అవ్వ నేలంతా వెతికింది. కింద లేదు. చివరికి నా గడ్డంలో చెయ్యి పెట్టి, పేలు చూసినట్టు చూసి, ఉబ్బిన బఠాణీని బయటికి తీసి అందరికీ ఎత్తి చూపించింది. "ఇగో! సూది లేదు, కత్తి లేదు. గడ్డంతోనే గుంజిండు!"

పిల్ల హాయిగా ముక్కుతో ఊపిరి పీలుస్తూ నా గడ్డం పీకే పనిలో పడింది. నేను ముక్కు రెండువైపులా, గొంతూ, ఛాతీ అన్నీ సరిగా చూసి, రేపు మళ్లీ తీసుకురమ్మని చెప్పాను. ఆ పూట చర్చి వెనక వండిన బగారన్నం, కోడికూర వాళ్లంతా మాతోపాటే కూర్చుని తిన్నారు. నా గడ్డానికి పట్టిన మసాలా సంగతి అడగొద్దు.

మర్నాడు పొద్దున తలుపు తీస్తే వరండాలో చోటు లేదు. "గడ్డం డాక్టరు ఏడి?" ఒక ముసలాయన మందు వద్దని, గడ్డం తన మోకాలికి ఒకసారి తగిలిస్తే చాలని పట్టుబట్టాడు. దగ్గులు విన్నాను, పుళ్లు కడిగాను, మాత్రలిచ్చాను. దూది కింద చర్మం దురదతో చచ్చిపోతుంటే పెన్నుతో గోక్కున్నాను. వచ్చిన రోజు నుంచీ కోరుకున్నది ఇదే, కానీ జనం వచ్చింది దూది కోసమని నాకు తెలుసు. ట్రంకుపెట్టెకు కట్టిన తాడు అలాగే ఉంది.

మధ్యాహ్నం బస్సుకు పెద్ద డాక్టరు దిగాడు. లైను చివర నిలబడి కాసేపు చూశాడు. లోపలికొచ్చి నన్ను దగ్గరగా చూసి, సిస్టరమ్మ చెప్పిందంతా విని, బల్ల పట్టుకుని నవ్వాడు. నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకుని జేబులోంచి తాళంచెవి తీశాడు.

"తీసేద్దామా, ఉంచుకుంటావా?"

"తీస్తే వీళ్లంతా లేచి పోతారు సార్."

"పోతే పోతారు. గడ్డం చాటున ఎన్నాళ్లు వైద్యం చేస్తావయ్యా? నేను చేశాను కదా, నాకు తెలుసు. వాళ్లు గడ్డాన్ని నమ్మారో నన్ను నమ్మారో ఈ రోజుకీ నాకు తేలలేదు."

వెలుతురు కోసం నన్ను వరండాలోనే కూర్చోబెట్టి సిస్టరమ్మ స్పిరిటుతో గడ్డం ఊడదీసింది. ఒక్కో దూదిముక్క ఊడుతుంటే అడవి దద్దరిల్లేలా అరిచాను. (ఇది మాత్రం పెంచి చెప్పడం లేదు.) చివరికి ఎర్రగా, మచ్చలుగా, పదో తరగతి పిల్లాడిలాంటి నా ముఖం బయటపడింది. లైనులో ఒకాయన చెప్పులు తొడుక్కున్నాడు. అప్పుడే పిల్లను మళ్లీ చూపించడానికి వచ్చిన సర్కారు అవ్వ నేరుగా నా దగ్గరికొచ్చి, చుబుకం పట్టుకుని ఇటూ అటూ తిప్పింది.

"నువ్వేనారా పొల్లగా?"

"నేనే అవ్వా."

నా కుడిచెయ్యి పట్టుకుని అరచెయ్యి తిప్పి చూసింది. ముందురోజు మనవరాలి ముఖాన్ని పట్టుకున్న చెయ్యి అది. "గడ్డం ఊడితే ఊడింది తియ్యి. చెయ్యి గదే గదా" అని స్టూలు మీద కూర్చుని చీర మోకాలిదాకా జరిపింది. "ఇగ నా మోకాలు చూడు. పిల్లను అటెన్క చూద్దువు." చెప్పులు తొడుక్కున్నాయన మళ్లీ విప్పాడు. ఆ సాయంత్రం నేను తాడు విప్పాను. (ముడి పీటముడి పడింది. కోశాను.)

ఆ తర్వాత సొంత గడ్డమే వచ్చింది, నెరిసింది, గుండెల మీదకూ దిగింది. ఎలుగుబంటి కథకూ దానివల్ల కాస్త విలువ పెరిగింది. ఈమధ్య మా దవాఖానాకు కొత్త డాక్టరమ్మ వచ్చింది. తెలివైన పిల్ల, చెయ్యి మంచిది, ముఖం మాత్రం నిన్న బడి వదిలినట్టుంటుంది. జనం ఆమె భుజం మీదుగా తొంగి చూసి, "పెద్ద సారు లేడా?" అంటున్నారు. మొన్న ఆమె గది ముందునుంచి పోతుంటే సర్దిన సూట్‌కేసు కనబడింది. నాకు తాడు గుర్తొచ్చింది.

నిన్న పొద్దున కత్తి తీసి గడ్డం గొరిగేశాను. క్రిస్మస్ తాత సంగతేంటని ఇప్పటి పాస్టరు గోల పెట్టాడు. దూది ఉంది కదా అన్నాను. ఈసారి దారంతోనే కట్టుకుంటాను. తర్వాత బయట వరండాలో బల్ల మీద కూర్చున్నాను. మొదట వచ్చింది ఆ బఠాణీ పిల్లే. ఇప్పుడు తనే అమ్మమ్మ. చంకలో దగ్గుతున్న మనవరాలు.

"పెద్ద సారు లేడా?" అంది నన్నే చూస్తూ.

"లేడమ్మా. పెనుబల్లి పోయిండు."

"మీరెవలు?"

"వాకిలి కాడ కూసునేటోణ్ని. లోపల డాక్టరమ్మ ఉన్నది, మంచిగ చూస్తది. పో బిడ్డా."

మెట్టెక్కడానికి సాయంగా చెయ్యి అందించాను. పట్టుకుంది. పైకెక్కాక కూడా వదల్లేదు. అరచెయ్యి ఒకసారి తిప్పి చూసి, "పెనుబల్లి పోయినాయన చెయ్యి ఈడ్నే మరిచిపోయిండా సార్?" అని, కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వుకుంటూ డాక్టరమ్మ గదిలోకి వెళ్లింది. లోపల పిల్ల ఏడుపు మొదలైంది, కాసేపటికి ఆగింది. వరండాలో కూర్చున్న మిగతావాళ్లు ఒకరి ముఖాలొకరు చూసుకుని ఆ తలుపువైపు జరిగారు. నేను అలవాటుగా గడ్డం దువ్వుకోబోయాను. చేతికి ఒట్టి బుగ్గ తగిలింది. కడిగిన పళ్లెమే. కాకపోతే అక్కడక్కడా సొట్టలు పడ్డాయి.