అందరూ ఎక్కేసిన మొదటి విమానం

మా విమానాశ్రయం నుంచి మొట్టమొదట విమానం ఎక్కిందెవరని మా బాబాయిని అడిగితే, అడిగినవాళ్ళ పనే చెబుతాడు. మంగలి అడిగితే మంగలి. పంతులమ్మ అడిగితే పంతులమ్మ. ఒకసారి పళ్ళ డాక్టరూ, తాళాలు బాగుచేసే అతనూ పక్కపక్కన నిలబడి అడిగారు. బాబాయి తడుముకోలేదు. "పళ్ళ డాక్టరేనండీ! కానీ ఆయన పెట్టె తాళం పడలేదు. దాన్ని బాగుచేయడానికి వచ్చినాయన, పనిలో పనిగా తనూ ఎక్కేశాడు" అన్నాడు.

ఆ లెక్కన మొదటి విమానంలో ఒక ఊరు ఊరంతా పట్టి ఉండాలి. మా విమానం చూస్తేనేమో, కాస్త కాళ్ళు చాపితే ముందు సీటువాడు వెనక్కి తిరిగి కోపంగా చూస్తాడు.

బాబాయి అక్కడ టెర్మినల్ సూపర్‌వైజరు. నేను టిక్కెట్ కౌంటర్‌లో ఉంటాను. రోజుకొక్క విమానం వచ్చే చోటు. ఒక హాలు, ఒక సోఫా, కదిలినప్పుడల్లా మూలిగే సామాన్ల బెల్టు ఒకటి. బాబాయి మాత్రం రాజభవనం చూపిస్తున్నట్టు ప్రయాణికుల్ని తిప్పుతాడు.

"ఇదీ మా బెల్టు! మీ పెట్టె తనంతట తానే లోపలికి వెళ్ళిపోతుంది. అదిగో ఫైరింజను! ఇంతవరకూ దానికి పనే పడలేదు. తుడిచి తుడిచి రంగు అరిగింది, అంతే. ఇదంతా ఒకప్పుడు గొర్రెలు మేసే బీడండీ. టెర్మినలంటే రేకుల షెడ్డు. పెట్టెలు తూచడానికి ధాన్యం గోదాము నుంచి కాటా అరువు తెచ్చాం. ఆ కాటా మీద మొదటి పెట్టె పెట్టిందెవరనుకున్నారు?"

ఇంకెవరు! విన్నవాళ్ళ ముఖం వెలిగిపోయేది, నాకు ఒళ్ళు మండేది.

"బాబాయ్, నిన్న వడ్రంగి అన్నావు, ఇవాళ నర్సంటున్నావు. నీ నోటికి అడ్డూ ఆపూ లేదా?"

"చరిత్ర కదే అమ్మడూ, రోజురోజుకీ పెరుగుతుంది."

విమానం దిగేటప్పుడు మాత్రం ఆయన కబుర్లన్నీ ఆగిపోతాయి. దూరాన చుక్కలా కనబడి, పెద్దదై, రన్‌వేను తాకేదాకా ఊపిరి బిగబట్టి, "అబ్బ! మళ్ళీ దిగింది చూశావా!" అంటాడు. ఎంత కోపంలో ఉన్నా నేనూ అద్దం దగ్గరికి పరిగెత్తేదాన్ని. అంత ఇనుము గాలిలో తేలుతూ వచ్చి అంత మెత్తగా నేల మీద వాలడం చూస్తే, ఇన్నేళ్ళయినా నాకు వింతగానే ఉంటుంది.

ఒకరోజు ఖాకీ చొక్కాతోనే ఒక బస్సు కండక్టరమ్మ వచ్చింది. పెట్టె తూయించింది, బోర్డింగ్ పాసు తీసుకుంది. తీరా విమానం వచ్చి ఆగాక, అద్దంలోంచి దాన్ని చూసి గిరుక్కున వెనక్కి తిరిగింది.

"పిల్లా, నా టిక్కెట్టు వాపసు తీసుకో!" హాలు ఖంగుమంది.

"ఏమైందండీ?"

"మా అన్నకి నా కిడ్నీ ఒకటి పెడతారు. బస్సులోనే పోదామనుకున్నా. వాడికి ఒంట్లో మరీ బాగోలేదని ఆపరేషను ముందుకు జరిపారు. రేపు పొద్దున్నే నేను ఆస్పత్రిలో ఉండాలంట."

"మరి వాపసంటారేంటండీ? బస్సులో రేపటికి చేరలేరు కదా!"

"కోతకి భయం లేదు, ఎన్ని కోతలైనా కోసుకోమను. ఇదెక్కడం నావల్ల కాదు. కింద నేలే ఉండదు కదే!" అంటూ బావురుమంది. "వాడి ప్రాణం నా చేతిలో ఉంది. నా కాళ్ళేమో కదలడంలేదు."

ఇంతలో బాబాయి ఊడిపడ్డాడు.

"చెల్లెమ్మా, మా ఫైరింజను చూశారా?"

ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకి నిప్పడిగాడట ఇంకొకడు! పళ్ళు కొరుక్కున్నాను. ఆయన తన ధోరణిలో తను ఫైరింజను చూపించాడు, సోఫా చూపించాడు, గొర్రెల్ని మేపాడు, కాటా మోయించాడు. చివరికి ఒకచోట ఆగాడు.

"సరిగ్గా ఇక్కడే చెల్లెమ్మా, మొదటి ప్రయాణికురాలు నిలబడిపోయింది. నేనెక్కనంటే ఎక్కనని ఒకటే ఏడుపు. ఆవిడా బస్సు కండక్టరే!"

ఆవిడ ఏడుపు ఠక్కున ఆగింది. నా వైపు తిరిగింది.

"నిజమేనా పిల్లా?"

అప్పుడు చూశాను. వాళ్ళు నిలబడ్డది గేటు ముందు. కాళ్ళు కదలడంలేదన్న మనిషిని, కబుర్లలో పెట్టి, ఆవిడకే తెలియకుండా అంతదూరం నడిపించుకొచ్చాడు. ఆ మంగలి, ఆ పంతులమ్మ, ఆ నర్సు అందరూ గుర్తొచ్చారు. అందరూ మొదటిసారి ఎక్కుతూ వణికినవాళ్ళే. ఇన్నేళ్ళూ పక్కనే ఉండి నేను కనిపెట్టలేకపోయాను.

"నిజమేనండీ, మా నాన్న కళ్ళారా చూశాడు" అన్నాను. ఊరుకోలేక, "ఖాకీ చొక్కాతోనే ఎక్కిందట" అని కూడా తగిలించాను. బాబాయి నాకేసి మెచ్చుకోలుగా చూశాడు.

ఆవిడ కళ్ళు తుడుచుకుని చరచరా నడిచింది. మెట్లెక్కి, తలుపు మీద రెండు చరుపులు చరిచి, "రైట్! రైట్!" అని అరిచింది. కాసేపటికి విమానం బుద్ధిగా కదిలింది.

అది కనుమరుగయ్యాక అడిగాను. "ఇప్పుడైనా చెప్పు బాబాయ్. మొదట ఎక్కిందెవరు?"

"ఎవరూ ఎక్కలేదమ్మడూ. ఆ రోజు ఒక్కడే టిక్కెట్టు కొన్నాడు. మెట్లదాకా పోయి భయపడ్డాడు. చెబితే నవ్వుతారని, చెప్పకుండానే ఇంటికి పోయాడు. విమానం ఖాళీగా వెళ్ళింది. తనలాంటివాడు ముందొకడు ఎక్కాడని ఎవరైనా చెప్పి ఉంటే వాడూ ఎక్కేవాడే."

కొన్నాళ్ళకి కండక్టరమ్మ అదే విమానంలో దిగింది. పక్కన వాళ్ళన్న, చిక్కిపోయి ఉన్నా తన కాళ్ళ మీద తను నడుస్తూ. తిన్నగా బాబాయి దగ్గరికి వచ్చింది.

"అన్నగారూ, ఆ మొదటి కండక్టరమ్మ పేరు చెప్పండి. మా డిపోలో సన్మానం చేస్తాం."

బాబాయి గతుక్కుమని నా వైపు చూశాడు. నేను పైకప్పు చూశాను. కండక్టరమ్మ విరగబడి నవ్వింది.

"ఊరుకోండి అన్నగారూ! మీసాలొచ్చినవాణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకుని 'మావాడికి అయిదేళ్ళేనండీ' అనేవాళ్ళని రోజూ చూస్తుంటాను. అబద్ధమంటే నాకు తెలీదా?"

"తెలిసీ ఎలా ఎక్కారండీ?" అన్నాను.

"ఏం చేయమంటావే పిల్లా! ముక్కూ మొహం తెలియని పెద్దమనిషి నాకోసం అంత కష్టపడి అబద్ధమాడుతుంటే, ఎక్కకుండా ఇంటికి పోవడానికి నాకు మొహం చెల్లలేదు."