గొంతు అడుగు క

మా నాన్నగారు బెజవాడలో మిషన్ బడి పంతులు. బళ్లో చెప్పేది తెలుగు, పిచ్చి మాత్రం హీబ్రూ. కుర్రతనంలో ఎవరో ముసలి దొర దగ్గర నేర్చుకున్నారట. యుద్ధం వచ్చి బర్మా బియ్యం ఆగిపోయి, జొన్న గటకతో సరిపెట్టుకుంటున్న ఇంట్లో, కంచాల ముందు కూర్చోబెట్టి ఆయన మాకు ధాతువులు వడ్డించేవారు. నాకు ఒళ్లు మండేది.

"ఆ భాషల్లో మాటకి మూడు హల్లులే గుంజలు. పాతిన గుంజలు కదలవు. పైన తాటాకు కప్పితే ఒక ఇల్లు, జమ్ము కప్పితే ఇంకో ఇల్లు. అచ్చులంటే ఆ కప్పే" అనేవారు. హ, క, మ తీసుకోమనేవారు. హీబ్రూవాళ్లు వాటితో హోఖ్మా అన్నారు, అంటే జ్ఞానం. అరబ్బులు హుక్మ్ అన్నారు, అంటే తీర్పు. ఆ తీర్పే హుకుమై మన తాసీల్దారు నోట్లో పడింది. అవే గుంజల మీద నాడి చూసేవాడు హకీం అయ్యాడు. "అందరూ ఒక్క తల్లి పిల్లలేనే" అని మురిసిపోయేవారు.

"ఆ తల్లినే అడిగి సోలెడు బియ్యం తెండి" అనేది అమ్మ.

అమ్మ ధ్యాసంతా అన్నయ్య మీద. లారీ తోలడం వచ్చు కదా అని వాడు మిలిట్రీలో చేరి ఇరాకులో బస్రా పోయాడు. మొదట్లో ఉత్తరాలొచ్చేవి, తర్వాత ఆగిపోయాయి. మిలిట్రీ ఆఫీసులో అడిగితే తెలిస్తే చెబుతాం పొమ్మనేవారు. ఉన్నాడో లేడో చెప్పే దిక్కు లేదు. ప్రార్థనలో మేమంతా వాణ్ణి కాపాడమని అడిగితే, అమ్మ మాత్రం "ఒక్క కబురు పంపు ప్రభువా" అనేది. అంతకుమించి అడగడానికి భయమేసేదేమో.

ఒక ఆదివారం మధ్యాహ్నం ఇబ్రహీంపట్నం నుంచి ఒక సాయిబు వచ్చాడు. అన్నయ్యతోపాటు లారీ తోలాడట. కాలు దెబ్బతింటే ఇంటికి పంపేశారు. అరుగు మీద కూర్చున్నాడు గానీ తలెత్తడు.

"మావాడి సంగతి ఏమన్నా తెలుసా నాయనా?" అంది అమ్మ.

"బస్రాలో ఖబర్ ఉందమ్మా. నేను చూసే వచ్చాను" అన్నాడు.

కబురుంది. అమ్మ నవ్వుతూనే ఏడ్చేసింది. అతను బిత్తరపోయి ఏదో అనబోయేలోగా వంటింట్లోకి పరుగెత్తింది, దాచిన గోధుమ నూక, చక్కెర బయటికి తీసింది. నేను పొయ్యి రాజేద్దామని లేచాను.

నాన్నగారు కదల్లేదు. "బాబూ, ఖబర్ అన్నావు. అందులో మొదటి అక్షరమేది?" అన్నారు.

పెళ్లికి పోతూ పిల్లిని చంకన పెట్టుకుపోవడమంటే ఇదే. కొడుకు కబురొస్తే వ్యాకరణమా అని నాకు తిక్క రేగింది. గట్టిగా అనబోయినదాన్ని, ఆయన సాయిబు మొహంలోంచి చూపు తిప్పకపోవడం చూసి ఆగాను.

"మీ ఇళ్లల్లో కబురన్నా, ఇంకో మాటన్నా ఒకలాగే పలుకుతారు. నమాజులో అరబ్బీ పలికినట్టు పలుకు నాయనా."

లోపల ఏం జరుగుతోందో అతనికి అప్పుడర్థమైంది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. గొంతు అడుగునుంచి, మన తెలుగులో లేని క ఒకటి తీసి పలికాడు. "కబ్ర్."

"హీబ్రూలో కెవెర్" అన్నారు నాన్నగారు, నాతోనో తనతో తనో. "బ కాస్త మెత్తబడింది, అంతే. సిరియావాళ్లకి కబ్రా. బైబిలు వాక్యంలో కిబ్రోతు అని ఒక చోటు చదువుతాం చూడు, ఎడారిలో చచ్చినవాళ్లని పాతిపెట్టిన చోటు, అదీ ఇదే. మిగతా మాటలన్నీ ఊరూరికీ వేషం మార్చాయి. ఇదొక్కటి ఎక్కడా అర్థం మార్చుకోలేదే."

సమాధి. మా అన్నయ్య సమాధి. ఆ తెలుగు మాట అమ్మ ముందు అనడానికి మనసొప్పక, తన మాటలో చెబితే మెత్తగా తగులుతుందనుకున్నాడు ఆ మంచివాడు. జ్వరంతో పోయాడని, తానే మట్టి వేశానని అప్పుడు చెప్పాడు.

లోపల అమ్మ నూక వేయిస్తూ స్తోత్రాలు చెప్పుకుంటోంది. అన్నయ్య వెళ్లాక ఆ వంటింట్లో అంత హుషారు నేనెరగను. నాన్నగారి చెయ్యి పట్టుకున్నాను. "ఇవాళ్టికి చెప్పకండి నాన్నగారూ. ఈ ఒక్క పూటా ఉండనివ్వండి."

"లేనిదానికి మీ అమ్మచేత స్తోత్రం చేయించలేనమ్మా" అని చెయ్యి విడిపించుకుని లోపలికి వెళ్లారు.

నేను గుమ్మం దాటలేకపోయాను. ఆయన ఏమన్నారో వినపడలేదు. గరిటె చప్పుడు ఆగింది. నూక మాడిన వాసన వచ్చింది, ఎవరూ దించలేదు. తర్వాత అమ్మ గొంతు వినిపించింది, అందులో ఏడుపు కూడా లేదు.

"మీకా భాష రాకపోతే నా కొడుకు ఈ పూటకైనా బతికుండేవాడు."

"ఉండేవాడే" అన్నారు నాన్నగారు.