తొమ్మిదో అంతస్తు నుంచి దిగిన బుట్ట

బెంగాల్లోని గార్డెన్ రీచ్ సందులో పుష్పరాణి ముప్పయ్యేళ్లు కాపురం చేసింది. అక్కడ ఆవిడ తుమ్మితే చాలు, ఎదురింటి బెంగాలీ ఆవిడ కిటికీలోంచి "జ్వరమా బౌదీ?" అని వదిన వరస కలిపి అడిగేది. కూర మాడితే సందంతా తెలిసేది. అప్పట్లో అదో నామోషీ.

భర్త కోదండం షిప్‌యార్డులో రిటైరయ్యాక ఊరికి అటు చివర ఈ టవర్లో తొమ్మిదో అంతస్తుకు వచ్చారు. ఆరు నెలలైంది. తలుపులన్నీ మూసే ఉంటాయి. లిఫ్టులో అందరూ అంకెలకేసి చూస్తారు. ఎవరైనా పలకరిస్తారేమోనని పుష్పరాణి పని లేకపోయినా రోజూ రెండుసార్లు లిఫ్టెక్కి దిగేది. నెలాఖరు దాకా చూసి, అప్పటికీ ఒక్కరూ తోడు దొరక్కపోతే పాత సందులోనే అద్దెకు పోదామని మొగుడికి చెప్పేసింది.

ఆ మధ్యాహ్నం వానమబ్బు బాల్కనీ దాకా దిగింది. ఊరంతా తెల్లగా కరిగిపోయింది. కునుకులో ఉన్న పుష్పరాణి చెవిన, పాత సందులోని కూరగాయల బైరాగి కేక పడినట్టయింది. కళ్లు సగమే తెరిచి, అలవాటుకొద్దీ చీటీ రాసి, బుట్టలో వేసి తాడుతో కిందికి వదిలింది. రెండంతస్తుల ఇంటికని కొన్న తాడు. ఏడో అంతస్తు బట్టల తీగకు చిక్కుకుంది. ఎంత లాగినా బుట్ట రాలేదుగానీ, మెలకువ పూర్తిగా వచ్చింది.

ఫోను టింగుమంది. టవర్ గ్రూపులో ఎదుటి బ్లాకువాళ్లెవరో ఫొటో పెట్టారు: 'ఈ బుట్ట ఎవరిది?'

తాడు కోసేస్తే ఎవరికీ తెలియదు. కత్తెర తీసింది కూడా. కానీ ఆరు నెలల్లో ఒక తలుపు కొట్టడానికి దొరికిన సాకు ఇదొక్కటే. కత్తెర పక్కన పెట్టి, జుట్టు సవరించుకుని, రెండంతస్తులు మెట్లు దిగింది.

తలుపు తీసిన అమ్మాయి చేతిలో ఆ చీటీ ఉంది.

"మీరేనా ఆంటీ, బైరాగిని తిట్టింది?"

"నువ్వు తెలుగుదానివేటమ్మా!"

"కరీంనగర్. నా పేరు అక్షయ." చీటీ ఎత్తి పట్టుకుని చదివింది. "'ఒరే బైరాగీ, మొన్న వంకాయలన్నీ పుచ్చులేసేవు. ఇయాళా అలాగే ఏస్తే నీ పెళ్లాంతో చెప్పేస్తాను.' నవ్వి నవ్వి కడుపు నొస్తుంది ఆంటీ."

"నిద్దట్లో రాసీసేనమ్మా. ఎవళికీ చెప్పకు, నీకు దండవెడతాను."

"ఎవరికి చెప్తా? వచ్చి మూడు నెలలైంది. వాచ్‌మన్ దాదాకు తప్ప నా పేరే ఎవరికీ తెల్వదు."

ఫోను మళ్లీ టింగుమంది. బుట్ట ఎవరిదో ఇంకా తేలలేదట. అక్షయ చకచకా టైపు చేసింది: 'మాదే.'

ఇద్దరూ తాడు చిక్కు విప్పుతూ బాల్కనీలో కూర్చున్నారు. మబ్బు కాళ్ల దగ్గరే పిల్లిలా పడుకుంది. అక్షయ టీ పెట్టడానికి లోపలికి వెళ్లగానే, పుష్పరాణి అటూ ఇటూ చూసి, సగం విప్పిన చిక్కు మీద నెమ్మదిగా ఇంకో ముడి వేసింది.