పడవ చెక్క మీద గీత

అబ్బాసియాలోని చేపల దుకాణంలో కత్తి మొద్దు మీద పడిన చప్పుడుకు నేను ఇప్పటికీ ఉలిక్కిపడతాను. మొన్న శుక్రవారం దుకాణదారు ఒక హమూర్ చేపను తూచి, దాని మెడ మీద కత్తి ఆనించి నా వంక చూశాడు. "కాటూఁ, భాయ్?" అన్నాడు, కోయమంటావా అని. ఆ క్షణంలో ఇస్రాయేలు బాబాయి నా ఎదుట నిలబడినట్టయింది.

ఆయనదీ మాదీ ఒకే ఊరు, గోదావరి సముద్రంలో కలిసే చోట. బంధుత్వం లేకపోయినా బాబాయి అనే పిలిచేవాణ్ణి. మా ఇంట్లో పట్టా పుచ్చుకున్న మొదటివాణ్ణి నేను. ఈ అరబ్బు దేశానికి వచ్చి, అర్దియాలో నాకు వీసా ఇచ్చిన కఫీల్ గోదాములో గుమాస్తాగా చేరాను. అదే యజమాని సొంత పడవను బాబాయి నడిపేవాడు. కూతురి నర్సింగు చదువు పూర్తయ్యేదాకా ఆయనకు ఆ ఉద్యోగం తప్పనిసరి. సెలవు రోజుల్లో యజమాని అతిథులు సరదాకు గాలం వేయడానికి వెళితే, ఇంగ్లీషు వచ్చునని నన్నూ తోడు పంపేవారు.

ఇంతకన్నా చిన్న చేపను పట్టకూడదని ఇక్కడి చట్టం పెట్టిన కొలతకు, పడవ లోపలి చెక్క మీద బాబాయి కత్తిమొనతో ఒక గీత గీసుకున్నాడు. చేప పడగానే మూతిని అంచుకు ఆనించి, తోక గీత దాటిందో లేదో చూసేవాడు. దాటకపోతే తిరిగి నీళ్ళలోకే. "ఇదింకా పలక పట్టుకునే పిల్లరా, పోనీ, చదువుకోనీ," అనేవాడు. గీత దాటినదాన్ని కూడా ఒడ్డు చేరేదాకా కోయనిచ్చేవాడు కాదు. కొలతకు చాలిన చేపను కోస్తే తప్పేమిటని ఒకసారి అడిగాను.

"చాలిందని నీకూ నాకూ తెలుసు. ఒడ్డున కొలిచే ఆఫీసరుకి ఎలా తెలుస్తాది? తలా తోకా ఉంటే చేపే చెప్పుద్ది. ముక్కలైతే మనం చెప్పాలి. మన మాట ఇక్కడ ఎవడింటాడు, డిగ్రీ బాబూ?"

ఆ వేసవిలో ఒక అతిథి, ఎండకు చేపలు పాడవుతాయి, శుభ్రం చేసి ముక్కలుగా ఇమ్మన్నాడు. "ఒడ్డుకెళ్ళాక, సార్," అని బాబాయి చేతులు జోడించాడు. అతిథి ముఖం చిట్లించి నా వైపు తిరిగాడు. మా అమ్మ చేపలు అమ్మి నన్ను చదివించింది; కోత నాకు చిన్ననాటి నుంచీ తెలుసు. యజమాని చెవిన నా గురించి ఒక మంచి మాట పడుతుందన్న ఆశతో, బాబాయి లంగరు లాగుతుండగా, నాలుగు హమూర్ల తలలూ తోకలూ కోసి సముద్రంలో పారేశాను. నాలుగూ గీత దాటినవే.

వెనక్కి తిరిగిన బాబాయి ముఖం నల్లబడింది. "ఎంత పని చేశావురా," అన్నాడు, అంతే.

ఒడ్డున అధికారి ముక్కలను అటూ ఇటూ తిప్పి, ఎవరు కోశారని అడిగాడు. అతిథి ఫోనులో తల దూర్చాడు. ఈ దేశంలో ఉండనిచ్చే కార్డు, నా ఇఖామా, వచ్చి నెల కూడా కాలేదు. నేను వంగి తాడు చుట్టసాగాను.

"అనా," అన్నాడు బాబాయి. నేనే, అని.

కొలవడానికి వీల్లేని చేపలని పడవను అక్కడే ఆపేశారు. మర్నాడు కఫీల్ "ఖలాస్" అన్నాడు. బాబాయి ఇఖామా రద్దయింది; ఇక ఊరికి తిరిగిపోవాల్సిందే.

ఆయన గదిలో సామాను కడుతుంటే, కఫీల్ దగ్గరకు వెళ్ళి నిజం చెప్పేస్తానన్నాను. ఆయన తాడు ముడి మీది నుంచి చూపు ఎత్తలేదు.

"ఇప్పుడా? కోసిన తల తెచ్చి అతికిస్తావేంట్రా?" ముడి బిగించి, "నువ్వూ వచ్చేస్తే మీ అమ్మకి ఎవడు చెప్తాడు? నావల్ల కాదు. కూర్చో, టీ తాగు."

నేను కూర్చున్నాను. టీ తాగాను. ఈ మాట రాయడం కష్టంగా ఉంది, అయినా రాయాలి.

ఆయన ఇప్పుడు రొయ్యల చెరువుకు కాపలా ఉంటున్నాడు. కూతురి చదువు మధ్యలో ఆగిపోయింది. గోదాములో జరిగే ప్రమాదాల మీద నివేదికలు రాయడం ఈ రోజుల్లో నా పని. ఫలానా వాక్యం తీసెయ్యమని పైవాళ్ళు చెబుతారు. ఎవరి చేతిలోంచి ఏది జారిందో, నాదైతే నా పేరుతో సహా, మొత్తం రాసి పంపుతాను. అది ధైర్యమని ఎవరైనా అంటే నాకు సిగ్గేస్తుంది.

మొన్న ఆ దుకాణదారుతో కోయవద్దన్నాను. తోక సంచిలోంచి పొడుచుకు వస్తుండగా ఆ చేపను ఇంటికి తెచ్చి, వంటింటి చెక్క మీద నేను గీసుకున్న గీత పక్కన పరిచాను. కొలత చాలింది. అడిగేవారు ఎవరూ లేరు.