మంచి ముక్క పడితే టైలరు బావ

టైలరు బావకు చెత్త ముక్కలు పడితే చిటికెలో ఆడేస్తాడు. మంచి ముక్కలు పడ్డాయా, ఆలోచన మొదలుపెడతాడు. ఇక ఆ ఆట తెమల్చడం బ్రహ్మతరం కూడా కాదు.

ఆదివారం మధ్యాహ్నం దుకాణం షట్టరు సగం దించి, గుడ్డ కత్తిరించే బల్ల మీదే పోకరు. పందెం బొత్తాలు. తలా రెండు ముక్కలు పంచుకుని, అందరికీ కలిపి బల్ల మీద మూడు తెరుస్తారు. ఆ మూడూ కలిసొస్తే బావ కళ్ళజోడు తుడుస్తాడు, టేపు చుడతాడు, చివరికి "ఎవరైనా టీ తాగుతారా?" అంటాడు. ఆ మాటతో సెలూన్ ఆయనా ప్లంబరూ ముక్కలు పడేసి గ్లాసులు అందుకుంటారు; అలా తప్పుకుంటే అప్పటిదాకా కాసినవే పోతాయి.

ఈమధ్యే ఆటలో చేరిన బావమరిదికి ఇదంతా ఒళ్ళుమంట. అతను పెళ్ళిళ్ళ ఫోటోగ్రాఫరు, క్షణం ఆగితే పెళ్ళికూతురి నవ్వు చేజారిపోతుందనే రకం. బావది పిరికితనమని తేల్చేసుకున్నాడు.

ఆ ఆదివారం అతని చేతిలో ఆసు, రాజు. బల్ల మీద రాజు, రెండు ఏడులు తెరుచుకున్నాయి. బొత్తాలు నిండుకున్నాయి గానీ రోషం నిండుకోలేదు.

"మీరెంత కాస్తే అంతకీ నా కెమెరా!" అంటూ మెడలోంచి కెమెరా తీసి తన ముందు పెట్టుకున్నాడు.

"బొత్తాల ఆటలో కెమెరా ఏంట్రా? రేపు పెళ్ళి ఉందన్నావుగా?"

"భయమైతే చెప్పండి బావగారూ!"

బావ కళ్ళజోడు తుడిచాడు. టేపు చుట్టాడు, విప్పాడు, మళ్ళీ చుట్టాడు.

"కొద్దిగా కాసి ఊరుకోవయ్యా, పిల్లాడు తనంతట తనే వలలో పడతాడు," అని అప్పటికే ముక్కలు పడేసిన సెలూన్ ఆయన బావ చెవిలో గొణిగాడు.

"టీ తాగుతావా?" అన్నాడు బావ, బావమరిదితో.

"వద్దు, ముందు ఆడండి!"

బావ టీ పెట్టాడు. చక్కెర తక్కువైందని వేశాడు, ఎక్కువైందని పాలు పోశాడు. బావమరిది ఆవేశం కాస్త చల్లారి, కెమెరా లేకుండా రేపు పెళ్ళివారికి మొహమెలా చూపించాలో గుర్తొచ్చింది. అప్పుడు బావ తన బొత్తాల డబ్బా మొత్తం బల్ల మధ్యకు నెట్టాడు.

సెలూన్ ఆయన తలపట్టుకున్నాడు. "అలా బెదరగొడితే ఎవడుంటాడయ్యా!"

బావమరిది ముక్కలు పడేశాడు. కెమెరా మెడలో వేసుకున్నాక గానీ అతనికి ఊపిరాడలేదు. తర్వాత ఉండబట్టలేక బావ ముక్కలు తిప్పి చూశాడు. రెండూ ఏడులే! బల్ల మీద రెండు, చేతిలో రెండు, మొత్తం నాలుగు. వాటి ముందు తన రాజుల జత ఎందుకూ పనికిరాదు.

"బావగారూ, గెలుస్తారని తెలిసే ఇదంతా చేశారా? గెలిచి, ఆనక కెమెరా నాకే తిరిగి ఇచ్చేయొచ్చుగా!"

"ఇస్తే నువ్వు తీసుకునేవాడివా? తీసుకున్నా, నా ఎదుట తలెత్తేవాడివా?" బావ బొత్తాలు డబ్బాలో వేసుకుంటూ నవ్వాడు. "పారిపోయినవాడికి ఆ బాధ లేదురా. వచ్చే ఆదివారం దర్జాగా వచ్చి నన్ను పిరికివాడనొచ్చు."

బావమరిది, "అంటాను. తప్పకుండా అంటాను," అని ముక్కలు కలపడం మొదలుపెట్టాడు.