నడిమి గీత నా పక్కనే

మా నాయన కారు తోల్తాంటే నేను కుదురుగా కూర్చోలేను. పక్క సీట్లో కూర్చొని లేని బ్రేకును తొక్కుతాంటా. పద్దెనిమిదేండ్లు కువైట్‌లో ఒక ఇంటికి డ్రైవరుగా చేసి ప్రొద్దుటూరుకొచ్చిన మనిషి ఆయన. బండికి ఒక్క గీటు పడనీలేదని ఆ ఇంటోళ్లు మెచ్చుకునేవాళ్లంట. అట్లాంటాయన పక్కన నాకెందుకీ తిక్క అంటే, ఆ చీనీకాయల లారీ వల్ల.

పోయిన ఎండాకాలం అందరం పులివెందులకు పెండ్లికి పోతాండాము. తొండూరు దాటినాక పెట్రోలు పోయించుకొని బంకులోనుంచి బయటికొస్తిమి. రోడ్డు ఖాళీ. నాయన బెల్టు సరిచూసుకున్యాడు, ఇండికేటరు వేసినాడు, అద్దాల్లో చూసినాడు. అన్నీ పద్ధతిగా చేసి, నింపాదిగా పోయి కుడిపక్క ఎక్కినాడు! కువైట్‌లో అందరూ కుడిపక్కనే తోల్తారు, చేతులకు అదే అలవాటు. ఎదురుగా చీనీకాయలు, అదే బత్తాయిలు, నింపుకొచ్చే లారీ. "నాయనా, ఎడమకు!" అని అరిచినా. ఆయన గభాల్న ఎడమకు తిప్పినాడు. "కండ్లు యాడ పెట్టినావప్పా?" అని తిట్టుకుంటా పోయినాడు లారీ ఆయప్ప. వెనక సీట్లో నా ఆరేండ్ల కూతురు, ఏదో ఆటనుకొని పకపకా నవ్వుతాంది.

నాయన బండి పక్కకు ఆపి, శానాసేపు స్టీరింగు మీదనుంచి చేతులు తీయలేదు. నాకు కోపం ముంచుకొచ్చింది. ఊర్లో రద్దీలో ఆయన ఎప్పుడూ తప్పు పోడు, ముందుపోయే బండి దావ చూపిస్తాది కాబట్టి. ఖాళీ దావలోనే వచ్చేది తంటా. మనమేమో ఖాళీ దావ చూస్తే నిమ్మళమనుకుంటాము.

అసలు సంకటం ఇంకోటి ఉంది. కువైట్ విడిచి వచ్చినప్పటినుంచి నాయనది ఒకటే పాట: "బడి తెరిస్తే పాపను నేనే దింపొస్తా." కువైట్‌లో ఆ ఇంటి పిల్లోళ్లను చదువులయ్యేదాకా ఆయనే దింపినాడు. నన్ను మాత్రం ఒక్క దినం గూడా దింపలేదు. నేను ఆటోలో ఇరుక్కొని పోయినదాన్ని. ఇప్పుడు ఆయన ఆశ మీద నీళ్లు ఎట్ల పోసేది? పోయకుంటే నా బిడ్డ గతేంది? కూర్చుంటే లేస్తా, లేస్తే కూర్చుంటా. "ఏందే, కాలుగాలిన పిల్లి మాదిరి తిరుగుతాండావు?" అని అమ్మ గొణుగుడు.

బడి తెరిచిన దినం పాప సంచి తగిలించుకొని కారెక్కింది. చెప్పేద్దామని వాకిట్లోకి ఉరికినా. నేను నోరు తెరిచేలోపల నాయనే వెనక తలుపు తీసి, "దిగమ్మా. తాతకు ఈ ఊరి దావ ఇంకా రాలేదు" అన్యాడు. నాకు కండ్లల్లో నీళ్లు తిరిగినాయి.

మరుసటి దినమే డ్రైవింగు స్కూల్లో చేరినాడు. లైసెన్సుండే మనిషి ఎల్ బోర్డు బండిలో, కొత్తగా మీసాలొచ్చిన పిల్లోళ్ల పక్కన! "ఏం మామా, కువైట్‌లో ఒంటెల్ని తోల్తాంటివా?" అని బంధువులు ఎగతాళి. "ఒంటైతే లారీని చూసి అదే తప్పుకుంటాది అల్లుడా" అని నవ్వేసినాడు. ఆడ నేర్చుకునొచ్చింది ఒకటే మాట. యా దేశమైనా, తోలేవాడు నడిమి గీత పక్కనే కూర్చుంటాడు. గీత బండికి అవతలి పక్కకు పోయిందంటే తప్పు దావలో ఉన్నట్టే. గీత లేని పల్లె దావలో మనసులో గీసుకోవల్ల.

నేను జమ్మలమడుగులో ఒక బడిలో పాఠాలు చెప్తా, రోజూ బస్సుకు పోతా. ఒక పొద్దున నాయన కారు బీగాలు తీసుకొని, "మొదట నిన్ను దింపుతా. పాపను తర్వాత" అన్యాడు. మలుపు మలుపుకూ "గీత నా పక్క" అని పైకే అనుకుంటాండాడు. నేను లేని బ్రేకు తొక్కుతానే ఉండా. గేటు కాడ దిగినా. బిడ్డతల్లిని నేను, అయినా లోపలికి పోయేదాకా బండి కదిలీలేదు.

తర్వాత మొదలైంది నా బాధ. తిరుగు దావలో ఒక్కడే పోతాండాడు, అరిచేదానికి పక్కన నేను లేను. ఫోను చేద్దామంటే, తోలేవాళ్లకు ఫోను చేయొద్దని చెప్పిందే ఆయన. ఒక కన్ను నల్లబల్ల మీద, ఒక కన్ను ఫోను మీద. చెప్పిన ఎక్కమే మళ్లీ చెప్పిస్తాండానని పిల్లోళ్ల గోల.

ఫోను మోగింది.

"ఇల్లు చేరినానమ్మా. బండి ఆపి, దిగి మాట్లాడతాండా."

"గీత?"

"నా పక్కనే ఉండె, దావంతా. రేపు పాపను పొద్దున్నే బిరీన లేపు" అన్యాడు.

"సరే నాయనా" అన్నా. నా కాలు లేని బ్రేకును తొక్కుతానే ఉంది గానీ, అన్నా.