చొక్కా వైద్యం ముఖానికి చేస్తే

ముందు నష్టాలు చెబుతాను. ముక్కు మీద తోలు, పూర్తిగా. బుగ్గల మీద తోలు, చెరో అర్ధరూపాయి బిళ్ళంత. పెరటి చెట్టున పండిన దబ్బకాయలు, రెండు. మా అమ్మ అపురూపంగా దాచుకున్న పౌడరు డబ్బా, అడుగంటా. ముక్తేశ్వరంలో నాకున్న పరువు. దానికి కొలత లేదు కాబట్టి ఉజ్జాయింపుగా వేసుకోండి. ఇదంతా ఏ వరదకో గాలివానకో పోయింది కాదు. ఒక మధ్యాహ్నం నేను బుర్ర పెట్టి ఆలోచించినందుకు పోయింది.

నాకు లెక్కలు బళ్ళో పెద్దగా అబ్బలేదు. ఎనిమిదో తరగతితో బడి మానేసి కొబ్బరికాయల కొట్లో చేరాను. ఆరుబయట నిలబడి, రాశిలోకి కాయలు విసురుతుంటే లెక్కపెట్టడం నా పని. లెక్కతోపాటు ఎండ కూడా వంటబట్టింది. డెబ్బైల చివర, నాకు ఇరవై నాలుగేళ్ళు వచ్చేసరికి, నా ముఖం ఎండు కొబ్బరిపీచు రంగు తేలింది. దానికి నేనేమీ దిగులు పడలేదు. నా దిగులంతా మా దేవసహాయం అన్నయ్య ముఖం.

దేవసహాయం మా పెదనాన్నగారి అబ్బాయి. ఐనవిల్లి అవతల ఒక బళ్ళో పంతులు. రోజూ కాలువ గట్టు మీద సైకిలు తొక్కుకుంటూ వెళ్ళి వస్తాడు. నేను నిలబడేదీ ఆ ఎండలోనే, అతను తిరిగేదీ ఆ ఎండలోనే. ఒక తాతకి మనవళ్ళం. అయినా అతని ముఖం అప్పుడే చిప్ప విప్పిన లేత కొబ్బరిలా ఉండేది. చర్చిలో పక్కపక్కన కూర్చుంటే, మా ఇద్దరినీ చూసి జనం ఒకే కాయకి పీచూ, లోపలి కొబ్బరీ అనుకునేవారు. ఉన్నది ఒక్క సూర్యుడు కదా, ఇద్దరికీ రెండు లెక్కలు ఎందుకు వేస్తాడండీ? ఈ ప్రశ్న నన్ను నిద్రపోనివ్వలేదు.

అలాంటి రోజుల్లో పలివెల నుంచి నాకో సంబంధం వచ్చింది. అమ్మాయి పేరు సుగుణ. టీచరు ట్రైనింగు పూర్తి చేసింది. ఆదివారం ఆరాధన అయ్యాక అమ్మాయీ, వాళ్ళ నాన్నగారూ మా ఇంటికి వస్తారని కబురు. ఆ వారం బుధవారంనాడు మా పెద్దమ్మ వచ్చి అరుగు మీద కూర్చుని, మా అమ్మతో అంది:

"చదువుకున్న పిల్లంటే మాటలా రత్నం. మీవాడు నచ్చకపోయినా నువ్వేమీ బెంగపడకు. మా దేవసహాయం లేడూ!"

"మావాడు ఎందుకు నచ్చడక్కా?"

"నచ్చడనలేదే. ఒకవేళ చీకట్లో చూస్తే నచ్చుతాడేమో!"

తలుపు చాటు నుంచి విన్నాను. నా కడుపులో పొయ్యి రాజుకుంది. ఆ పొయ్యి మీదే మర్నాడు నా ఆలోచన ఉడికింది.

కొబ్బరి పసరు పడి నా చొక్కాలన్నీ మరకలే. వాటికి మా అమ్మ చేసే వైద్యం ఒకటే. మరక మీద దబ్బచెక్క రుద్ది, చొక్కా ఎండలో ఆరేస్తుంది. సాయంత్రానికి మరక మాయం. నేను లెక్క వేసుకున్నాను. పసరు మరక పోయినప్పుడు ఎండ మరక ఎందుకు పోదు? గుడ్డకి పనిచేసింది తోలుకి ఎందుకు పనిచెయ్యదు? ఎక్కడా తప్పు దొరకలేదు. గురువారం కొట్టుకి సెలవు పెట్టి, రెండు దబ్బకాయలు కోసి, ముఖమంతా రుద్దుకుని, పెరట్లో నులకమంచం మీద ఆకాశంకేసి ముఖం పెట్టి పడుకున్నాను.

మా అమ్మ వచ్చింది. "ఏరా ప్రకాశం, మిట్టమధ్యాహ్నం ఎండలో ఆ పడకేంట్రా?"

"ఆరుతున్నానమ్మా."

"ఆరడానికి ఎక్కడ తడిసేవురా?"

పులుపు ఆరినప్పుడల్లా ఇంకో చెక్క రుద్దాను. చురుక్కుమంటే, మరక వదులుతోందని సంతోషించాను. శుక్రవారం ముఖం ఎర్రబడింది. నలుపు నుంచి తెలుపుకి వెళ్ళే దారిలో ఎరుపు తగులుతుంది కాబోలని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. శనివారం పొద్దున్న అద్దంలో చూస్తే పెసరట్టు మీద నూనె పొంగినట్టు బొబ్బలు!

మా అమ్మ కేకకి పరుగెత్తుకొచ్చింది దేవసహాయమే. నన్ను సైకిలు వెనక ఎక్కించుకుని డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్ళాడు. ఆయన కళ్ళజోడు సవరించుకుని అడిగారు:

"ఏం పూసేవయ్యా?"

"దబ్బరసమండి."

"పూసి?"

"ఎండలో పడుకున్నానండి."

"ఉప్పూ కారం కలపలేదేం? ఏడాదంతా నిలవుండేవాడివి!"

దేవసహాయం గోడవైపు తిరిగాడు. భుజాలు మాత్రం ఊగుతున్నాయి.

"నవ్వు కాదయ్యా పంతులూ," అన్నారు డాక్టరుగారు. "ఆ పులుపు తోలు మీద ఉండగా ఎండ తగిలితే ఇలాగే కాలుతుంది. బొబ్బలు చిదపకు. చన్నీళ్ళ గుడ్డ వెయ్యి, ఈ గులాబీరంగు మందు రాయి. తరవాత నల్లమచ్చలు కడతాయి. పోవడానికి నెలలు పట్టొచ్చు. అందాకా ముఖానికి ఎండ తగలనిచ్చావో, ఇంకా ముదురుతాయి."

"రేపు పెళ్ళిచూపులండి!"

"అయితే అమ్మాయిని కళ్ళు మూసుకోమను."

తిరుగుదారిలో దేవసహాయం గట్టు పక్కన సైకిలు ఆపి, అరటితోటలో దూరి, ఒక గిడుగు పట్టుకొచ్చాడు. గిడుగంటే తాటాకుతో అల్లిన వెడల్పాటి టోపీ. పొలం పనివాళ్ళు ఎండకీ వానకీ పెట్టుకుంటారు. మా తాత జీవితమంతా దాని కిందే గడిచింది. జీతాలు ఎరిగిన మనవళ్ళం దాన్ని అటకెక్కించేశాం.

"పెట్టుకోరా," అన్నాడు.

"నీదా అన్నయ్యా?"

"ఆయ్. ఊరు దాటాక పెట్టుకుంటాను, బడి కనబడగానే తీసేస్తాను. గడ్డం కింద తాడు కట్టుకుంటే గాలికి ఎగరదు."

"పంతులువై ఉండి గిడుగా?"

"అందుకే కదరా తోటలో దాస్తున్నాను!"

సూర్యుడి లెక్క తేలింది. కానీ నాకు ఓదార్పు దొరకలేదు. నా అసూయ కాస్తా అతని ముఖం మీది నుంచి దిగి బుర్ర మీదికి ఎక్కింది.

ఆదివారం మా అమ్మ నా ముఖాన పౌడరు డబ్బా బోర్లించింది. చెమటకి అది కాస్తా పేస్టయింది. పేస్టు కింద గులాబీ మందు, మందు కింద బొబ్బలు, తోలు ఊడిన చోట మచ్చలు. సుగుణ వాళ్ళ నాన్నగారు నన్ను చూశారు, కుర్చీ కాస్త వెనక్కి జరుపుకున్నారు.

"ఆ మచ్చలు ఎన్నాళ్ళ నించండీ?"

"మొన్నటినించేనండి," అంది అమ్మ. "ఆటలమ్మండి."

"దోమలండి," అంది పెద్దమ్మ అదే క్షణంలో.

ఆయన అనుమానం పెరిగింది. "ఏమీ అనుకోకండి బాబూ. మచ్చ మీద గుచ్చితే తెలుస్తుందా అండీ?"

అడుగుతున్నది పెద్దరోగం, అంటే కుష్ఠు, సంగతని అందరికీ అర్థమైంది. సరిగ్గా అప్పుడే దేవసహాయం కాఫీ గ్లాసులతో లోపలికి వచ్చాడు. ఆ లేత కొబ్బరి ముఖం చూడగానే పెద్దాయన ముఖం విచ్చుకుంది.

"ఈ అబ్బాయెవరండీ?"

"మావాడేనండి! ఇంకా పెళ్ళి కాలేదండి!" పెద్దమ్మ లేచి నిలబడింది.

ఇంకొక్క నిమిషం ఊరుకుంటే సుగుణ నాకు వదినగారైపోతుంది. "దబ్బకాయండీ!" అని అరిచాను. మరకా, చొక్కా, నులకమంచం, మొత్తం చెప్పేశాను. చెప్పడం ముగిసేసరికి సుగుణ పమిట నోట్లో కుక్కుకుంటోంది.

"కొత్త మందైతే చొక్కాకైనా ముందు అంచు మీద వేసి చూస్తారు కదండీ?" అని అడిగింది చివరికి.

"తోచలేదండి."

"అసలెందుకు పూసుకున్నారండీ?"

"మీరొస్తున్నారని... ఆ వేళకి మా అన్నయ్య కూడా ఇక్కడే ఉంటాడనండి."

ఆమె దేవసహాయాన్ని ఒకసారి చూసింది, నన్ను ఒకసారి చూసింది. "నాన్నగారూ, మచ్చలు పోయేదాకా ఈయన ఎండలోకి వెళ్ళనంటే నాకు సమ్మతమేనండి," అంది.

అలా గెలిచాను. కానీ మచ్చలకి మా పెళ్ళి తేదీ తెలియదు కదా, పోలేదు. అమలాపురం నుంచి ఫోటోగ్రాఫరు వచ్చాడు. చర్చి మెట్ల మీద నిలబెట్టి, "పెళ్ళికొడుకుగారూ, వెలుగులోకి తిరగండి" అన్నాడు. వెలుగనగానే డాక్టరుగారు గుర్తొచ్చి నీడకేసి తిరిగాను. అదే క్షణంలో నొక్కాడు. ఫోటోలో సుగుణ ఉంది. ఆమెకి రెండో పక్కన తోడుపెళ్ళికొడుకు దేవసహాయం నిండు వెలుగులో నవ్వుతున్నాడు. నా తరఫున ఒక పూలదండా, దాని పైన ఒక చెవీ పడ్డాయి.

ఇంటికొచ్చిన చుట్టాలు గోడ మీద ఆ ఫోటో చూసి, "మీ ఆయనేనా అమ్మా? సినిమా హీరోలా ఉన్నాడు!" అంటారు.

"ఆయన మా బావగారండి. మా ఆయన ఆ చెవండి," అంటుంది సుగుణ, కాఫీ ఇస్తూ.

కాబట్టి నిండు మనసుతో ప్రమాణం చేస్తున్నాను: నిమ్మ, దబ్బ, నారింజ, ఉసిరి, పులుపన్నది ఏదైనా సరే, ఈ ముఖం మీదికి నోటి దారిన తప్ప మరే దారినా రానివ్వను. ఇక బాకీ సంగతి. నా ముఖం కనబడే పెళ్ళిఫోటో సుగుణకి నేను ఈనాటికీ ఇవ్వవలసే ఉంది. ఒకటి.